మందు పెట్టిందెవరు?

"నేనే పెట్టినానన్నా మందు. నా చేత్తో నేనే పెట్టినాను," అంది కామాక్షి.

నేను తల పట్టుకున్నాను. ఈ అమ్మాయిని బయటికి తెమ్మని పొద్దున్నే వాళ్ళన్న సుధాకర్ తన ఆటోలో నెల్లూరు దాకా వచ్చి, నా ఆఫీసు గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. ప్రైవేటు డిటెక్టివ్ గంగాధరం అంటే ఏదో పొడిచేస్తాడని నమ్మాడు పాపం. తీరా వస్తే ముద్దాయి నోటి నుంచి మొట్టమొదట ఊడిపడిన మాట ఇది. లాయరు గారి తరఫు మనిషినని చెప్పి, బతిమాలి, స్టేషన్ వసారాలో ఈ నాలుగు నిమిషాలు సంపాదించాను. పక్కన మహిళా కానిస్టేబుల్ కూడా వింటూనే ఉంది.

"ఏం మందమ్మా?" అన్నాను.

కామాక్షి కొంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

ఆమె మొగుడు పెంచల్ మైపాడులో బోటు మీద పనిచేసేవాడు. నిన్న తెల్లవారుజామున వలల పాకలో శవమై కనిపించాడు. నోటి నుంచి నురగ. చూసీ చూడగానే ఈ పిల్ల గుండెలు బాదుకుని, "మందు పెట్టి చంపుకుంటినే" అని అరిచింది. ఊరు ఊరంతా విన్నది. సీఐ నరేంద్రబాబుకి ఇంకేం కావాలి? వచ్చాడు, విన్నాడు, జీపెక్కించాడు. ఈ సాయంత్రం నాలుగింటికి కోర్టులో హాజరుపరుస్తాడు. ఆ తర్వాత జైలు. విషం ఏమిటో తేల్చే లాబ్ రిపోర్టు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అది వచ్చేలోపల మొగుణ్ణి చంపిన ఆడదిగా ఆమె బతుకు తెల్లారిపోతుంది.

"కామాక్షీ, టైము లేదు. నువ్వు నోరు తెరవకపోతే నేనేం చెయ్యలేను. ఎలుకల మందా? చేలో కొట్టే మందా?"

ఆమె చివ్వున తలెత్తింది. "అయ్యో, అదెందుకు పెడతానన్నా! ఆస్పత్రి మందు. మాత్రలు. ఆయన మంచికే పెట్టినాను."

"ఆస్పత్రి మాత్రలు దొంగతనంగా పెట్టడమేంది?"

కానిస్టేబుల్ ఏమనుకుందో, కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుని కిటికీలోంచి బయటికి చూడసాగింది. మంచి మనిషి.

"నాకొక జబ్బుండాదన్నా," అంది కామాక్షి, నేలకేసి చూస్తూ. "పెళ్లయి నాలుగేళ్ళయ్యింది, కడుపు పండలేదు. పొత్తికడుపులో ఒకటే నొప్పి. తెల్లబట్ట. అందరూ వేడన్నారు. సబ్జా గింజలు తాగినాను, బార్లీ తాగినాను. తగ్గకపోతే వారం కిందట ప్రభుత్వాస్పత్రిలో డాక్టరమ్మ దగ్గరికి పోయినాను. పరీక్ష చేసి, వేడి గాదమ్మా, పురుగు అనింది. మొగుడూ పెళ్ళాల మధ్య అంటుకునే పురుగంట. నాకూ ఆయనకీ ఇద్దరికీ మాత్రలిచ్చింది. ఇద్దరూ మింగితేనే పోతాదంట. ఒకరు మింగి ఒకరు మింగకపోతే మళ్ళీ అంటుకుంటాదంట."

"మరి ఆ మాటే పెంచల్‌కి చెప్పి ఇవ్వచ్చుగదా?"

ఆమె నా వంక చూసిన చూపుకి నా ప్రశ్న నాకే సిగ్గనిపించింది.

"ఏమని చెప్పేదన్నా? జబ్బు బయటపడింది నాకు. నీకు యాడ తగులుకుంది అని అడిగితే? నాకు ఆయన తప్ప ఇంకొకరు తెలవదు. కానీ ఆ మాట నేను చెప్తే నమ్మేదెవరు? అందుకే నావి ఆ రోజే మింగినా, ఆయనవి ఎట్టా ఇయ్యాల్నో తోచక ఆగి, మొన్న మధ్యాహ్నం రెండు మాత్రలూ నూరి చేపల పులుసులో కలిపినాను. చేదయిపోయింది. 'ఏమే, చేప కడుగుతా చేదు తిత్తి పగలగొట్టినావా, బెస్తదానివేనా నువ్వు' అని ఎగతాళి చేసినాడు. గిన్నెలో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తెల్లారేసరికి ఇట్టా అయిపోయినాడు. ఆ మాత్రలే పడలేదో, ఎక్కువ నూరినానో. నేనే చంపుకున్నానన్నా."

"ఈ సంగతి సీఐకి చెప్పినావా?"

"ఆ జబ్బు పేరు మగోళ్ళ ముందర ఎట్టా చెప్పేదన్నా? మందు పెట్టింది నేనే అన్నాను. రాసుకున్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. కామాక్షి చెప్పిన డాక్టరమ్మ నంబరు నా ఫోన్లో కలిపి ఆమె చేతికిచ్చాను. "ఈ అన్నకి అన్నీ చెప్పమ్మా, ఏమీ దాయబాకు," అని ఆమె ఏడుస్తూ చెప్పింది. అవతల డాక్టరు సరేనంది. నేను తర్వాత చేస్తానని పెట్టేశాను.

ఇంతలో వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. నరేంద్రబాబు.

"ఏమయ్యో గంగాధరం! పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు తగ్గినాయా ఏంది, మర్డర్ కేసుల్లోకి దిగినావు?"

"మర్డరని తమరికెవరు చెప్పారు సార్?"

"మందు పెట్టినానని ముద్దాయే చెప్తా ఉంటే ఇంకా ఎవరు చెప్పాలయ్యా? పైగా ఊళ్ళో డాక్టరు జయరామయ్య శవాన్ని చూసి విషం లక్షణాలే అన్నాడు. ఇరుగుపొరుగు ఏమన్నారో తెలుసా? వారం నుంచి ఈమె మొగుణ్ణి దగ్గరికి రానివ్వడం లేదంట. చాప వేరే. ఆఖరికి కంచం, గ్లాసు కూడా వేరే. ఎందుకు? ఇంకొకడున్నాడు. లెక్క సరిపోయింది."

"శవం ఫోటో ఒకసారి చూడొచ్చా?"

"చూసుకో. నేనేం దాచుకోను," అని తన ఫోను నా ముఖం మీద పెట్టాడు.

చూశాను. పెదవులు ఉబ్బి ఉన్నాయి. కనురెప్పలు వాచి కళ్ళు గీతల్లా అయిపోయాయి. మెడ మీద, ఛాతీ మీద దద్దుర్లు, చీమలు కుట్టినట్టు ఎర్రగా.

"ముఖం ఇంత వాచిందేం సార్?"

"ఉప్పుగాలికి రాత్రంతా పడుంటే వాచదా? దోమలు. నువ్వు కాయితం లేని డాక్టరువి కూడానా?"

వాదిస్తే అక్కడే గొడవయ్యేది. సుధాకర్ ఆటో ఎక్కి మైపాడు పోనివ్వమన్నాను. మా వెనకాలే జీపు స్టార్టయింది. నేను ఎక్కడికి పోతే అక్కడికి నరేంద్రబాబు రాకుండా ఉండలేడు. చింత చచ్చినా పులుపు చావదు.

దారిలో ఆ ఆస్పత్రి డాక్టర్ వెన్నెలకి మళ్ళీ ఫోన్ చేశాను. చిన్నవయసు గొంతు. నిన్నటి నుంచి నిద్ర లేనట్టుంది.

"దాని పేరు క్లమీడియా సార్. బ్యాక్టీరియా. లైంగికంగా అంటుకునే జబ్బుల్లో చాలా మామూలుది. మాత్రలతో పూర్తిగా పోతుంది. బాధేమిటంటే, ఆడవాళ్ళలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. మగవాళ్ళలో కూడా కొందరికి మూత్రంలో మంట, అంతే. మన దగ్గర దానికో పేరుంది కదా, వేడి. వేడి చేస్తే ఆస్పత్రికి ఎవరొస్తారు? మజ్జిగ తాగి పడుకుంటారు. ఈలోగా లోపల గర్భనాళాలు మూసుకుపోతాయి. కామాక్షికి పిల్లలు లేకపోవడానికి అదే కారణం కావచ్చు."

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పగలరా డాక్టరు గారూ?"

"లేదు. ఏ పరీక్షా చెప్పదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉండిపోతుంది. పెళ్లికి ముందుదైనా కావచ్చు. ముందు ఎవరు పరీక్ష చేయించుకుంటే వాళ్ళదే తప్పని లోకం అనుకుంటుంది. తప్పు చేసినవాళ్ళెవరో దానికేం తెలుసు?"

"వారం నుంచి చాప వేరే వేసుకుందట."

"నేనే చెప్పాను. మందు వేసుకున్నాక వారం రోజులు ఇద్దరూ దూరంగా ఉండాలని."

"కంచం, గ్లాసు కూడానా?"

"కంచం ఎందుకు? తిండితో, గిన్నెలతో అంటదు సార్." అంతలో ఆమెకే తట్టింది. "అయ్యో! ఆ మాట నేను విడమరిచి చెప్పలేదేమో. ఆయనకి అంటకూడదని పాపం కంచం కూడా వేరు చేసుకుందన్నమాట."

"ఆ రెండు మాత్రలు మనిషిని చంపుతాయా?"

"ఎవరికైనా ఏ మందైనా పడకపోవచ్చు. కానీ అలా పడకపోతే తిన్న గంటలోపే తెలిసిపోతుంది. మధ్యాహ్నం తిన్న మనిషి సాయంత్రం దాకా ఎలా ఉన్నాడు?"

ఈ ప్రశ్న సుధాకర్ విన్నాడు. ఆటో నడుపుతూనే వెనక్కి తిరిగాడు. "సాయంత్రం నాతోబాటే టీ తాగినాడు సార్. బాగుండాడు. కొంచెం దిగులుగా ఉండాడు, అంతే."

నేను ఫోటో సంగతి చెప్పాను. పెదవులు, రెప్పలు, దద్దుర్లు. డాక్టరు గొంతు మారిపోయింది.

"అది ఒంటికి మందు వికటించిన లక్షణం సార్. అంత తీవ్రంగా, అంత త్వరగా వికటించేది ఎక్కువగా సూదిమందే, పెన్సిలిన్ లాంటిది. గొంతు లోపల వాచి ఊపిరాడదు. ఆ సాయంత్రం ఎవరైనా ఇంజెక్షన్ చేశారేమో కనుక్కోండి. శవపరీక్ష చేసిన డాక్టరుని తుంటి మీద సూదిగుర్తు ఉందేమో అడగమని సీఐ గారికి చెప్పండి." తర్వాత మెల్లిగా అంది: "పొట్లం ఆమె చేతికిచ్చి పంపకుండా, ఆయన్ని ఒకసారి తీసుకురమ్మా అని ఉంటే బాగుండేది. వస్తాడో రాడో అని వదిలేశాను."

నేను ఓదార్చలేదు. నాకు చేతకాదు.

వలల పాక అంటే నాలుగు సరుగుడు కర్రలు, పైన కొబ్బరాకు. లోపల సగం మేర నీలం నైలాను వల గుట్టగా పోసి ఉంది. పాక ముందు ముసలమ్మ నిలబడి ఉంది. అది ఆమె పేరే. ఆ పాక, ఆ వల ఆమెవే. నా చెప్పులకేసి చూసింది.

"ఆడ వదులు నాయనా. గంగమ్మ తల్లి అన్నం పెట్టే వల. చెప్పుకాళ్ళతో తొక్కితే నీకే చేటు."

వదిలాను. వెనకాల జీపు దిగిన నరేంద్రబాబు బూట్లకేసి చూసి మళ్ళీ మొదలుపెట్టింది. "నిన్న చెప్పినాను గదయ్యా నీకు! రోజూ చెప్పాల్నా? పోలీసైతే ఏంది, కలెక్టరైతే ఏంది?"

నరేంద్రబాబు పళ్ళు నూరుకుంటూ బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు. ఎన్నాళ్ళనుంచో ఆయన్ని ఇలా చూడాలని నాకో కోరిక. ఆ రోజు ఆ కోరిక తీరినా సంతోషమనిపించలేదు. పాక మూలన పెంచల్ చెప్పులు ఇంకా బయటే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి.

శవం ఉన్న చోట వల లోతుగా అణిగి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని పోగు పోగూ ఎత్తి చూడసాగాను. ఒక చోట వల కళ్ళలో ఎర్రమట్టి పెళ్ళలు ఎండి చిక్కుకుని ఉన్నాయి. వరసగా రెండు మూడు అడుగుల మేర.

"ఇదేంది అవ్వా? మీ దగ్గరంతా ఇసకే గదా?"

ముసలమ్మ వంగి చూసింది. చూసిందే ఆలస్యం, పూనకం వచ్చినట్టు లేచింది. "ఎవుడ్రా నా వలని చెప్పుకాళ్ళతో తొక్కింది? వాడి కాళ్ళు పడిపోనూ! చచ్చిన పిల్లోడు అట్టా చేసేవాడు కాదు. పుట్టిన కాడ నుంచి వల మీద పెరిగినోడు. మా బెస్తోళ్ళలో పసిబిడ్డ కూడా చెయ్యదు ఈ పని."

"మా వాళ్ళే తొక్కుంటార్లే," అన్నాడు నరేంద్రబాబు.

"ఎట్టా తొక్కుతారయ్యా? మీ అందరి బూట్లూ నేను ఈడ విప్పించినాను గదా! నువ్వు సాక్సుతో వచ్చినావు. చిల్లుండాది బొటనవేలు కాడ."

నరేంద్రబాబు ముఖం ఎర్రబడింది. కానీ ఆయన మూర్ఖుడే గానీ తెలివితక్కువవాడు కాదు. ఆ ఎర్రమట్టి వంక, తన కాళ్ళ వంక మార్చి మార్చి చూశాడు. పోలీసులు తొక్కలేదనడానికి సాక్షి స్వయానా ఆయనే. ఊరివాళ్ళు ఎవరూ తొక్కరు. అంటే పోలీసుల కంటే ముందు, వల సంగతి తెలియని బయటివాడు ఒకడు ఇక్కడికి వచ్చాడు. ఆ మాట నేను అనలేదు. ఆయనే అనుకోవాలని ఊరుకున్నాను.

మట్టి ఉన్న చోటే ఇంకా కిందికి వెతికాను. వలంటే దొరికినదాన్ని పట్టుకునేదేగా. మూడో మడతలో వేలికి చల్లగా ఏదో తగిలింది. కందిగింజ కంటే కాస్త పెద్ద అల్యూమినియం బిళ్ళ, మధ్యలో చిరిగినట్టుగా ఉంది. ఇంజెక్షన్ సీసా మూతి మీద ఉండే మూత.

అరచేతిలో పెట్టి నరేంద్రబాబుకి చూపించాను. డాక్టర్ వెన్నెల చెప్పింది మొత్తం చెప్పాను. కామాక్షి ఏ మందు పెట్టిందో, ఎందుకు పెట్టిందో కూడా. నడుమ ఒక్కసారి కూడా ఆయన ఎగతాళి చెయ్యలేదు. ఫోను తీసి శవపరీక్ష చేసిన డాక్టరుతో అటు తిరిగి మాట్లాడాడు. చాలాసేపు విన్నాడు.

"కుడి తుంటి మీద సూదిగుర్తుందంట," అన్నాడు ఇటు తిరిగి. "రాసినానన్నాడు. నేనే... విషం అని ముందే అనుకుని చదవలేదయ్యా."

"ఈ ఊళ్ళో ఎర్ర గ్రావెల్ ఎక్కడుంది అవ్వా?" అని ముసలమ్మనడిగాను.

"బస్టాండు కాడ. డాక్టరు రూము ముందర వానకి బురదవుతోందని రెండు ట్రాక్టర్లు తోలించుకున్నాడు గదా జయరామయ్య."

నరేంద్రబాబు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. విషం అని తనకి మొదట చెప్పిన మనిషి ఆ జయరామయ్యే. సాక్షి అని స్టేషన్లో కాఫీ ఇప్పించి, వాంగ్మూలం కోసం మధ్యాహ్నం మళ్ళీ రమ్మంది తనే.

మేం స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి జయరామయ్య వచ్చి కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, నుదుట విభూతి, ఒళ్ళో తోలు సంచి. అరవై దాటిన మనిషి. డాక్టరు చదువు చదవకపోయినా మూడు ఊళ్ళకి ఆయనే డాక్టరు. విడవలూరు వైపు పొలాలున్న రైతు కుటుంబం. ఎదురుగా గోడవార బెంచీ మీద కామాక్షి తలవంచుకుని కూర్చుంది.

"రండి సార్, వాంగ్మూలం ఇస్తే పోతాను, పేషెంట్లు కాచుకోనుండారు," అన్నాడు జయరామయ్య లేస్తూ.

"వల మీద చెప్పులతో ఎందుకు నడిచావయ్యా?" అన్నాడు నరేంద్రబాబు.

నేనైతే ఇంత సూటిగా అడిగుండేవాణ్ణి కాదు. కానీ అదే పనిచేసింది. జయరామయ్య చూపు వెంటనే కిందికి, తన చెప్పుల మీదికి పోయింది. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు. చూశాక, తాను చూశానన్న సంగతి తెలిసి, మెల్లిగా మళ్ళీ కూర్చున్నాడు.

నేను అల్యూమినియం మూత బల్ల మీద పెట్టాను. "పెన్సిలినేనా?"

"ముప్పై ఏళ్ళుగా వేస్తుండాను సార్ సూదులు. ఒక్కరికి, ఒక్కరికి కూడా ఇట్టా కాలేదు."

"ముందు చిన్న డోసు చర్మం మీద వేసి చూడాలని తెలియదా?"

"తెలుసు. వెయ్యను. ఎవరికీ వెయ్యలేదు ఎప్పుడూ. ఏమీ కాలేదు గదా అని." రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఆర్నెల్ల నుంచి వేడి, మంట అని వస్తుండాడు పెంచల్. వేడికి మందిచ్చి పంపిస్తుండాను. అది వేడి గాదని నాకు తెలుసు సార్. పడవ మీద పోయే మగోళ్ళకి ఈ మంట వస్తే ఏందో నాకు తెలవదా? చెప్తే వాడి కాపరం పాడవతాదని వేడనే అన్నాను. మొన్న సాయంత్రం ఏడుపు మొహంతో వచ్చినాడు. 'వారం నుంచి కామాక్షి చాప వేరే వేసుకుంటోంది. కంచం కూడా వేరే పెట్టింది. నా జబ్బు తెలిసిపోయినట్టుండాది. అసహ్యించుకుంటోంది. ఈ రోజే నయం కావాల, సూది వెయ్యి' అన్నాడు. మాత్రలు చాలురా అంటే వినలేదు. మీకు తెలుసు గదా, సూది వెయ్యకపోతే మన ఊళ్ళలో వాడు డాక్టరే కాదు. రూములో వద్దు, ఎవరన్నా చూస్తారు, పాకలోకి రమ్మన్నాడు. పోయి వేసినాను. సూది తీసేలోపలే గొంతు పట్టుకున్నాడు."

"అరిచి ఎవర్నైనా పిలవచ్చుగదయ్యా! అంబులెన్సు పిలవచ్చుగదా!" అన్నాడు నరేంద్రబాబు. కోపం కంటే వేడుకోలు ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"భయమేసింది సార్. పారిపోయినాను. తెల్లారి ఈ బిడ్డ మందు పెట్టినానని ఏడస్తా ఉంటే..." జయరామయ్య కామాక్షి వైపు తల తిప్పలేకపోయాడు. "దేవుడు నన్ను కాపాడినాడు అనుకున్నాను సార్. అట్టా అనుకున్నాను. పాపిష్టివాణ్ణి."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. మధ్యాహ్నం ఆమె పెట్టిన పులుసుతోనే వాడి జబ్బుకి మందు కడుపులో పడిపోయింది. సాయంత్రం ఆ సూదితో వాడికి పనే లేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కామాక్షి ముఖం చూసి మింగేశాను. ఎప్పుడో ఒకరోజు ఆమెకే తడుతుంది. ఆ రోజు ఇవాళ కాకపోతే చాలు.

నరేంద్రబాబు లేచి కామాక్షి ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది. "అమ్మా, నీ మందు వల్ల కాదు. నిన్ను కోర్టుకి తీసుకుపోవడం లేదు. మీ అన్న బయట ఉన్నాడు, ఇంటికి పో."

ఆమె లేవలేదు. విన్నదో లేదో కూడా తెలియలేదు. జయరామయ్యనే చూస్తోంది.

"నేను అసహ్యించుకున్నాననుకున్నాడా ఆయన?" అంది.

జయరామయ్య తలూపాడు. తర్వాత, దాచి ఇంకేం లాభం అన్నట్టు, ఆఖరి సంగతి కూడా బయటపెట్టాడు. "నీ గురించే భయపడినాడమ్మా. దానికి నాలుగు రోజుల ముందే ఒకసారి వచ్చి, 'ఇది ఆమెకి కూడా అంటుకుని ఉంటాది, బిడ్డలు లేనిది అందుకేనేమో, ఏ మొహం పెట్టుకుని చెప్పను? తెలవకుండా దేంట్లోనన్నా కలిపి ఇచ్చే మాత్ర ఉంటే ఇయ్యి' అని నా కాళ్ళు పట్టుకున్నాడు. రెండు మాత్రలు ఇచ్చినాను. నూరి మజ్జిగలో కలపమన్నాను."

నరేంద్రబాబు గభాలున తిరిగాడు. "ఏం మాత్రలవి?"

"మంచివే సార్. ఆస్పత్రిలో ఇచ్చేవే. అజిత్రోమైసిన్."

కామాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మహిళా కానిస్టేబుల్ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమనాలో తెలియక, "ఆ మజ్జిగ నీకు ఇచ్చినాడా అమ్మా?" అనడిగాను.

"ఇచ్చినాడన్నా," అంది. "కాపరానికి వచ్చినంక ఒక్కనాడు కూడా ఆయన మంచినీళ్ళు ముంచిచ్చింది లేదు. ఆ రోజు సాయంత్రం తానే మజ్జిగ కలిపి గ్లాసు చేతికిచ్చినాడు. నోట్లో పెట్టుకోలేనంత చేదుగా ఉండాది. ఏమైనా అంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని, కమ్మగా ఉందయ్యా అని చెప్పి మొత్తం తాగినాను."